తేనె లేని తేనె బిస్కెట్లు

మన ఇళ్ళలో క్రిస్మస్ పిండివంటలంటే గులాబీ పువ్వులు, గవ్వలు, కజ్జికాయలు, అరిసెలు. ఇవన్నీ మూకుడులో నూనె కాచి చేసుకొనేవే. నూనె మూకుడుతో పని లేని ఒక పిండివంటను గురించి ఈ నెల వ్రాయాలని మేమిద్దరము అనుకున్నాము. పోర్చుగల్ దేశానికి చెందిన మదీరా ద్వీపములో క్రిస్మస్‌కు ఇంటింటా చేసే బిస్కెట్ ఇది. అక్కడివారు దీనిని 'బ్రోవాస్ ద మెల్' అంటారు. మెల్ అంటే తేనె. అయితే ఇందులో తేనెటీగ పెట్టిన తేనె చుక్కైనా ఉండదు. వారు 'చెరకు తేనె' అని పిలుచుకొనేది ఏమిటో మొదటిసారి సీసా మూత తీసి వాసన చూడగానే మాకు తెలిసిపోయింది. అది మన బెల్లపు పాకమే. గట్టిపడక ముందు పెనములో నుండి తీసిన పాకము, కొన్ని ప్రాంతాలలో కాకవి అంటారు చూడండి, అదే. రంగు మాత్రము ఇంకా నలుపు, రుచిలో కొంచెము చేదు.

మాది అనకాపల్లి దగ్గర పల్లె. చెరకు గానుగల మధ్య పుట్టి పెరిగినవారము. అటువంటి మాకు అట్లాంటిక్ మహాసముద్రము నడుమ, లిస్బన్ నగరానికి నైరుతిగా సుమారు 1,000 కిలోమీటర్ల దూరాన ఒక కొండల దీవిలో బెల్లపు వాసన ఎదురైతే ఎలా ఉంటుందో వేరే చెప్పనవసరము లేదు.

2021 నుండి 2023 వరకు మేము ఆ దీవి ముఖ్యపట్టణమైన ఫుంచాల్‌లో పని చేశాము. మాలో ఒకరు హోటలు వంటశాలలో కూరగాయలు తరిగే పని, ఒకరు గదులు శుభ్రము చేసే పని. ప్రయాణానికి చేసిన అప్పు మూడు లక్షలు. మా పాపకు అప్పటికి నాలుగేళ్ళు. దానిని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళాము. మన సంఘాలలో గల్ఫు దేశాలకు తల్లులను పంపిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కనుక ఈ సంగతి విస్తరించి వ్రాయము. ఆ ఇళ్ళవారికి తెలుసు.

మేము అద్దెకున్న గది ఊరికి పైన, కొండవాలున ఉండేది. మెట్లు మెట్లుగా కట్టిన చిన్న చిన్న మడులలో అరటి తోటలు, వాటి ప్రక్కన నీళ్ళు పారే సన్నని రాతి కాలువలు. క్రింది వాటాలో ఇంటి యజమానురాలు ఒంటరిగా ఉండేది. వయస్సు 84. పోర్చుగీసు భాషలో నాయనమ్మను, అమ్మమ్మను 'అవో' అంటారు. మన 'అవ్వ'కు అంత దగ్గరగా ఉన్న మాట వినగానే మేము ఆమెను అవ్వ అనే పిలవసాగాము. ఆమె సరిదిద్దలేదు.

మాటల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. మొదటి వారములోనే ఆమె చేతులు తుడుచుకొంటూ 'తువాల్య' అని అడిగితే, భాష రాని మేము తువ్వాలు అందించాము. ఆమె ఆశ్చర్యపోయింది. ఆ తరువాత అది మాకు ఆటయైపోయింది. అలమారా, బొత్తాము, మేస్త్రీ, పాదిరి, అనాస - ఇవన్నీ పోర్చుగీసు ఓడలతో మన తీరానికి వచ్చి, మన నోళ్ళలో నలిగి తెలుగైపోయిన మాటలు. ఒకప్పుడు మన తూర్పు తీరమంతటా పోర్చుగీసు భాషే బేరసారాల భాష. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్ తమిళముతో పాటు దానిని కూడా నేర్చుకోవలసి వచ్చింది. ఆ మిషనుకే చెందిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి, పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి తిప్పే పని చేశారు.

ఇక బిస్కెట్ల మాటకు వద్దాము. మదీరాలో క్రిస్మస్‌ను 'ఫెష్టా' అంటారు, అంటే పండుగ. సంవత్సరములో ఎన్ని పండుగలున్నా ఆ మాట అంటే ఇదొక్కటే. డిసెంబరు 8వ తేదీన పని మొదలవుతుంది. ఆ రోజున 'బోలో ద మెల్' అనే నల్లని కేకు పిండి కలుపుతారు. చెరకు పాకము, దాల్చినచెక్క, లవంగము, అక్రోటు కాయలు వేసి కాల్చిన ఆ కేకు ఒక సంవత్సరము నిలువ ఉంటుంది. పోయిన సంవత్సరపు చివరి కేకును ఆ రోజే ముగించడము కూడా పాత ఆచారమే. దానిని కత్తితో కోయరు, చేతితో విరుస్తారు. ఆ పెద్ద కేకు బరువైన పని, ఖర్చు కూడా. చిన్నవైన బ్రోవాస్ మాత్రము బీదవారైనా చేసుకొంటారు. ఒక పళ్ళెము చేసి, డబ్బాలో పోసి, జనవరి వరకు వచ్చేవారికీ పోయేవారికీ పెడతారు. డిసెంబరు 26ను వారు 'మొదటి అష్టకము' అనే అర్థమిచ్చే పేరుతో పిలిచి, సెలవుగా పాటించి, ఆ రోజున ఒకరింటికొకరు వెళ్తారు. ఏ ఇంటి బల్ల మీద చూసినా ఈ బిస్కెట్లు, నారింజ పండ్లు, తియ్యని సారా సీసా ఉంటాయి. ఆ సీసా జోలికి మేము వెళ్ళలేదు. బిస్కెట్లను మాత్రము వదలలేదు.

డిసెంబరు 16 నుండి 24 వరకు తొమ్మిది రోజులు, తెల్లవారకముందే అక్కడి కతోలిక దేవాలయాలలో ఆరాధనలు జరుగుతాయి. అవ్వకు మోకాళ్ళ నొప్పి. కనుక ఒక ఉదయము ఆమెను పట్టుకొని తీసుకొని వెళ్ళాము. ఆరాధన ముగిసిన తరువాత అందరూ గుడి ముందున్న ఖాళీ స్థలములో నిలబడి, వాయిద్యాలు వాయిస్తూ పాడుతారు. ఇంటినుండి తెచ్చిన డబ్బాలు తెరిచి ఎవరో తెలియనివారికి కూడా బిస్కెట్లు పంచుతారు. చలిలో వేడి కోకో త్రాగి, అక్కడి నుండి అక్కడే పనులకు పోతారు. మన పల్లెలలో క్రిస్మస్ ముందు రాత్రిళ్ళు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే యౌవనులు మాకు గుర్తుకు వచ్చారు. వారికీ ఏదో ఒక ఇంటి అరుగు మీద ఇలాగే టీ, జంతికలు దొరుకుతాయి కదా.

ఈ చెరకు మదీరాకు 15వ శతాబ్దములో వచ్చింది. పోర్చుగీసువారు దీవిలో కాపురము పెట్టిన కొన్ని సంవత్సరాలకే కొండలు చెక్కి తోటలు వేశారు. యూరపు ధనవంతుల బల్లలకు ఇక్కడి పంచదార వెళ్ళింది. ఫుంచాల్ పట్టణపు చిహ్నము మీద నేటికీ ఐదు పంచదార దిమ్మలు కనిపిస్తాయి. ఆ తోటలలో బానిసలు కూడా పని చేశారన్నది ఆ తీపి వెనుకనున్న నిజము. తరువాత బ్రెజిల్ పంచదార చౌకగా రావడముతో ఇక్కడి వ్యాపారము పడిపోయింది. ఇప్పుడు కొన్ని చోట్ల మాత్రమే గానుగలు మిగిలాయి. ఆ మిగిలిన చెరకులో కొంత ఈ పండుగ కోసమే పాకమవుతుంది.

ఈ దీవిని గురించి మన సంఘాలవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 1838లో రాబర్ట్ రీడ్ కేలీ అనే స్కాట్లండ్ వైద్యుడు, భార్య ఆరోగ్యము కోసము మదీరాకు వచ్చారు. మొదట ఆయన చైనా వెళ్ళాలని అనుకొన్నవారు. ఇక్కడి బీదలకు వైద్యము చేస్తూ, చిన్న ఆసుపత్రి తెరిచి, చదువు రాని పెద్దలకూ పిల్లలకూ బడులు పెట్టి, బైబిలు చదవడము నేర్పారు. పగలంతా పొలములో పని చేసినవారు రాత్రిళ్ళు బడికి వచ్చి అక్షరాలు దిద్దారు. అధికారులకు కోపము వచ్చింది. 1843లో ఆయనను కొన్ని నెలలు చెరసాలలో ఉంచారు. మరియ జ్వాకినా ఆల్వెస్ అనే స్త్రీకి, ఆమె చెప్పిన విశ్వాసమునుబట్టి 1844లో మరణశిక్ష విధించారు. తరువాత అది తగ్గించబడింది. 1846 ఆగష్టులో అల్లరి మూక కేలీగారి ఇంటి మీద పడి ఆయన పుస్తకాలను, బైబిళ్ళను వీధిలో కాల్చారు. ఆయన స్త్రీవేషములో, జబ్బు మనిషివలె డోలీలో పడుకొని ఓడ ఎక్కి తప్పించుకున్నారు. ఆయన వెనుక దాదాపు 2,000 మంది విశ్వాసులు, ఇళ్ళూ పొలాలూ విడిచి దీవి దాటిపోయారు.

వారిలో ఎక్కువమంది వెళ్ళినది ఎక్కడికి? ట్రినిడాడ్ దీవికి, చెరకు తోటలలో పనికి. 1845లో మన దేశము నుండి కూలీలను ఎక్కించుకొని ఫతెల్ రజాక్ అనే ఓడ మొదటిసారి చేరినది కూడా ఆ ట్రినిడాడ్‌కే. ఒకరు విశ్వాసము కోసము, ఒకరు కడుపు కోసము, ఒకే దీవిలో, ఒకే పంట మధ్య! ఆ మదీరా విశ్వాసులలో కొందరు 1849లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి వెళ్ళి స్థిరపడ్డారు. కేలీగారు 1855లో బ్రెజిల్ వెళ్ళి అక్కడ సంఘము స్థాపించారు. ఫుంచాల్‌లో ప్రెస్బిటేరియన్ సంఘము నేటికీ ఉన్నది.

ఈ సంగతులు అవ్వకు కూడా తెలుసు. ఆమె చిన్నతనములో మనవంటివారిని 'కల్వినిస్టులు' అని పిల్లలు వెక్కిరించేవారట. "ఇప్పుడు ఇద్దరు కల్వినిస్టులు నా వంటింట్లో పిండి పిసుకుతున్నారు" అని ఆమె నవ్వింది. మేమూ నవ్వాము.

2022 డిసెంబరు రెండవ వారములో ఆ పిండి పిసికాము. అవ్వ కొలతలు కాగితము మీద లేవు. కనుక మేము హోటలు నుండి చిన్న త్రాసు తెచ్చి, ఆమె గుప్పిటతో వేసిన ప్రతిదానినీ ముందు తూచి వ్రాసుకొన్నాము. మైదా జల్లించి, సోడా, దాల్చిన పొడి కలిపింది. వేరొక గిన్నెలో వెన్న, పంచదార తెల్లబడే వరకు చేతితోనే గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా వేసి, ఆ తరువాత గోరువెచ్చగా చేసిన పాకము పోసింది. వెన్నతో పాటు పంది కొవ్వు కూడా కొంచెము వేయడము అక్కడి పాత పద్ధతి. పిండి ముద్ద మీద అరచేతి అంచుతో సిలువ గుర్తు వేసి, గుడ్డ కప్పి, రాత్రంతా ఉంచింది. ఉదయము ఆ ముద్ద బాగా బిగిసింది. పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి, పళ్ళెములో రెండేసి వ్రేళ్ళ ఎడముగా పెట్టాము. పొయ్యిలో పెట్టిన ఐదు నిమిషాలకు ఉండలు వాటంతట అవే పరుచుకొని, పైన బీటలు తీశాయి. బీట తీయకపోతే అది బ్రోవా కాదు అని అవ్వ అంటుంది. ఆ వాసనకు మాలో పాప తల్లి కాసేపు బయటకు వెళ్ళి నిలబడింది.

ఆమె అన్నింటినీ మూడు డబ్బాలలో సర్దింది. ఒకటి వచ్చేవారికి. ఒకటి మాకు. మూడవది ఎవరికని అడిగితే, కరకాస్‌లో ఉన్న కొడుక్కి అంది. ఒకనాడు మదీరా నుండి ఎన్నో కుటుంబాలు బ్రతుకు కోసము వెనెజువేలా వెళ్ళి, రొట్టెల అంగళ్ళు, కిరాణా కొట్లు పెట్టుకొన్నాయి. ఆమె కొడుకు 1978లో, 18వ ఏట వెళ్ళాడు. "రెండు సంవత్సరాలు పని చేసి వచ్చేస్తానమ్మా అన్నాడు. ఆ రెండు సంవత్సరాలు ఇంకా పూర్తి కాలేదు" అని, డబ్బా మూత తుడుస్తూ మామూలుగా చెప్పింది. తండ్రి చనిపోయినప్పుడు ఒకసారి వచ్చి వెళ్ళాడట. అక్కడే పెండ్లి, పిల్లలు, వ్యాపారము. అతడు చెడ్డవాడు కాడు. డబ్బు పంపాడు, ఇంటికి కప్పు వేయించాడు, వారానికి ఒకసారి ఫోను చేస్తాడు. మేము చాలాసార్లు విన్నాము, ఎంతో ప్రేమగా మాట్లాడతాడు. ప్రతి సంవత్సరము ఈ డబ్బా మాత్రము అటు వెళ్ళే మనిషిని వెదికి ఆమె పంపుతుంది. మనిషి దొరకని సంవత్సరాలలో అది అలమారాలోనే ఉంటుంది.

మా డబ్బాలో నుండి 40 బిస్కెట్లు తీసి, పాత పాలపొడి డబ్బాలో కాగితము వేసి సర్ది, సెలవులకు విశాఖపట్నము వెళ్తున్న ఒక విద్యార్థి ద్వారా పాపకు పంపాము. డిసెంబరు 29న అందింది. అమ్మమ్మ ఫోనులో చెప్పింది, పాప రెండు తిని, మిగిలినవి దాచుకొన్నదట. ఎందుకు తినవు తల్లీ అంటే, "రోజుకొకటి తింటే మీరు వచ్చేదాకా సరిపోవు కదా" అంది. మీరు ఎప్పుడు వస్తారు అని అది అడగలేదు. అడగడము ఎప్పుడో మానేసింది.

జనవరిలో హోటలువారు మరి రెండు సంవత్సరాలకు కాగితము మీద సంతకము అడిగారు. జీతము కొంచెము పెంచుతామన్నారు. అప్పు ఇంకా లక్షా ఇరవై వేలు ఉంది. ఇంకొకటి, పాపను అక్కడికే తెచ్చుకొనే దారి కూడా ఉన్నదని అందరూ అన్నారు గాని, ఆ కాగితాల కోసము ఒక ఆఫీసులో తేదీ దొరకడానికే పదకొండు నెలలుగా ఎదురుచూస్తున్నాము. ఆ రాత్రి మేమిద్దరము నిద్రపోలేదు. లెక్కలు వేశాము. ప్రార్థన చేశాము. మళ్ళీ లెక్కలు వేశాము. ఏ లెక్క వేసినా డబ్బు వైపే మొగ్గింది, అందులో సందేహము లేదు. అయితే 'రెండు సంవత్సరాలు' అన్న మాట పైకి పలకాలంటే మా ఇద్దరికీ నోరు రాలేదు. క్రింది వాటాలో అలమారా తలుపు చప్పుడు వినబడుతూ ఉండగా ఆ మాట ఎలా పలుకుతాము? మా తోటివారు కొందరు సంతకము పెట్టారు. వారి ఇళ్ళ పరిస్థితులు వారివి, వారిని తప్పుపట్టము. మేము ఏప్రిల్ వరకే ఉంటామని చెప్పాము.

ఏప్రిల్ నెల అక్కడ చెరకు ఆడే కాలము. మనకు సంక్రాంతి చుట్టూ జరిగే పని వారికి వసంతములో జరుగుతుంది. బయలుదేరే ముందు ఆదివారము కల్యేటా అనే ఊరిలోని గానుగ చూడడానికి వెళ్ళాము. యంత్రాలు పెద్దవే గాని, పాకము మరిగే ఆవిరి, చుట్టూ మూగే ఈగలు, పిప్పి కుప్పలు అన్నీ మనవే. అక్కడ ఒక సీసా పాకము కొని తెచ్చుకొన్నాము. వచ్చేటప్పుడు అవ్వ గుమ్మములో నిలబడి మా ఇద్దరి నుదుట ముద్దు పెట్టింది. మూడవ డబ్బా ఆ సంవత్సరము అలమారాలోనే ఉన్నది. అందులోని బిస్కెట్లే దారికి కట్టి ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పాప పాలపొడి డబ్బాలో ఏడు మిగిలి ఉన్నాయి. నాలుగు నెలలైనా బూజు పట్టలేదు, చీమ పట్టలేదు. గట్టిపడ్డాయి అంతే. టీలో ముంచుకొని ముగ్గురము తిన్నాము. మిగిలిన అప్పు తీరడానికి ఇంకొక సంవత్సరమున్నర పట్టింది. ఇప్పుడు మా ఇద్దరికీ అనకాపల్లిలోనే పని.

ఇక చేయదలచినవారికి కొలతలు. మైదా అర కిలో, పంచదార పావు కిలో, వెన్న 150 గ్రాములు, గుడ్లు రెండు, వంటసోడా ఒక చెంచా, దాల్చిన పొడి రెండు చెంచాలు, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. తొక్క క్రింది తెల్లని పొర రాకూడదు, వస్తే చేదు. పాకము చిన్న టీ గ్లాసెడు. మంచి నల్ల బెల్లము కొద్ది నీటితో కరిగించి, వడకట్టి, తేనెలాగ జారే వరకు మరిగిస్తే చాలు. మరీ ముదిరితే బిస్కెట్ రాయి అవుతుంది. తెల్లగా మెరిసే బెల్లముతో ఈ రంగు, ఈ రుచి రావు. పిండిని తప్పక రాత్రంతా ఉంచండి. ఉదయము చేతికి ఇంకా అంటుకొంటుంటే గుప్పెడు మైదా కలపండి.

పొయ్యి గూడు లేదని మానవలసిన పని లేదు. మందమైన పెద్ద గిన్నెలో రెండు అంగుళాల మందాన పొడి ఇసుక పోసి, పైన ముక్కాలి పీట వంటిది పెట్టి, మూత వేసి పావుగంట సెగ మీద ఉంచండి. తరువాత వెన్న రాసిన పళ్ళెములో ఉండలు పెట్టి లోపల దించి, మూత మీద బరువు ఉంచండి. మా గిన్నెలో ఒక వాయికి 20 నిమిషాలు పడుతోంది, తొమ్మిది కంటే ఎక్కువ పట్టవు. అడుగున మంట సన్నగా ఉండాలి. తీసిన వెంటనే మెత్తగా ఉంటే కంగారుపడవద్దు, ఆరితే గట్టిపడతాయి. ప్రక్కన బేకరీ ఉన్నవారు పిండి పట్టుకెళ్ళి, సాయంత్రము రొట్టెలు తీసిన తరువాత అడిగితే వారే కాల్చి ఇస్తారు.

పోయిన క్రిస్మస్‌కు ఫోనులో ఈ ఇసుక గిన్నెను అవ్వకు చూపించాము. చాలాసేపు చూసి, అది సముద్రపు ఇసుకా, ఏటి ఇసుకా అని అడిగింది. ఏటి ఇసుక అని పాప జవాబు చెప్పి, బీటలు తీసిన బిస్కెట్ ఒకటి తెచ్చి, ఫోను ముందు రెండు వైపులా త్రిప్పి చూపించింది.